పాత సంచికల మీదికి ఏ రన్‌టైమ్‌ను పంపాలి?

ప్రశ్న: నేను తెనాలిలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తున్నాను. ఒక మాసపత్రిక పాత సంచికలను టైపు చేయించిన టెక్స్ట్ ఫైళ్లు సుమారు 400 మా దగ్గర ఉన్నాయి. ఫైళ్ల పేర్లు ఒక పద్ధతిలో లేవు. పేర్లు సరిచేయాలి, లోపల అనవసరమైన ఖాళీలు తీసేయాలి, చివరికి రచయితల సూచిక ఒకటి తయారుచేయాలి. నాకు జావాస్క్రిప్ట్ వచ్చు, అదీ వెబ్ పేజీల వరకే. అందుకని ఒక పేజీ రాసుకుని, ఒక్కొక్క ఫైలునూ అందులో తెరిచి, సరిచేసి, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటున్నాను. రోజుకు 30 దాటడం లేదు. ఇదే కోడ్‌ను బ్రౌజర్ బయట నడిపితే ఒక్కపూటలో అయిపోతుందని అందరూ అంటున్నారు. దేనిమీద నడపాలంటే మాత్రం తలో మాట. ఉద్యోగాలన్నీ నోడ్‌కే అని ఒక స్నేహితురాలు, డీనో భద్రమని ఇంకొకరు, బన్ అన్నిటికన్నా వేగమని మా తమ్ముడు. ప్రెస్‌లో విండోస్ 10 కంప్యూటర్ ఒకటి, పేజ్‌మేకర్ కోసం అట్టేపెట్టిన పాత విండోస్ 7 ఒకటి ఉన్నాయి. కొత్తది ఏది ఇన్‌స్టాల్ చేస్తానన్నా మా యజమాని భయపడతారు. ఏది ఎంచుకోమంటారు? ఆయనకు ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మూడు రన్‌టైమ్‌ల పేర్లు, అంటే బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రాంల పేర్లు, రాశారు గానీ, నా చూపు "పాత సంచికలు" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ 400 ఫైళ్లకు ఇంకో కాపీ ఎక్కడైనా ఉందో లేదో మీరు రాయలేదు. లేదనే అనుకుని జవాబిస్తున్నాను. ఎవరో నెలల తరబడి కూర్చుని కొట్టిన అక్షరాలు అవి. మళ్లీ కొట్టించమంటే మీ యజమాని ఏమంటారో నాకన్నా మీకే బాగా తెలుసు.

అందుకని ముందే చెప్పేస్తాను. ఈ పనికి డీనో తీసుకోండి. స్క్రిప్టును మాత్రం రేపు నోడ్ మీద కూడా అక్షరం మార్చకుండా నడిచేలా రాయండి. బన్‌ను ప్రస్తుతానికి మీ తమ్ముడికి వదిలేయండి. ఎందుకో ఇక నింపాదిగా మాట్లాడుకుందాం.

జావాస్క్రిప్ట్‌కు తనంతట తానుగా ఫైలు తెరవడం రాదు. లెక్కలు వచ్చు, మాటలు కోసి అతికించడం వచ్చు, జాబితాలు పేర్చడం వచ్చు. ఫైలు, నెట్‌వర్క్, తెర మాత్రం ఆ భాషకు ఆతిథ్యమిచ్చిన ప్రోగ్రామే అందించాలి. పెళ్లివంటకు వచ్చిన వంటమేస్త్రికి పులిహోర కలపడం వచ్చు గానీ గుండిగలూ గరిటెలూ పెళ్లివారివే కదా. బ్రౌజర్ అనే ఇంట్లో మీ ఫోల్డర్లున్న గదికి తాళం వేసి ఉంటుంది. ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లు వచ్చిపోయే ఇల్లు కాబట్టి ఆ తాళం ఉండాల్సిందే. 2020 నుంచి క్రోమ్‌లో వెబ్ పేజీ మీ అనుమతి అడిగి ఒక ఫోల్డర్ మొత్తాన్ని తెరిచే వీలు వచ్చింది. కావాలంటే మీ పేజీనే ఆ దారిలో పెంచుకోవచ్చు. అయితే నెలనెలా తిరగబెట్టే పనికి అది నాకు నచ్చదు. రన్‌టైమ్ అంటే అదే వంటమేస్త్రిని ఫైళ్ల గది తాళంచెవి ఉన్న ఇంకో ఇంటికి తీసుకెళ్లడం. అక్కడ మీకు అలవాటైన డాక్యుమెంట్, బటన్లు, పేజీ ఏవీ ఉండవు. 'డాక్యుమెంట్ అంటే ఏమిటో తెలియదు' అనే అర్థం వచ్చే ఎర్ర అక్షరాలు మొదటి గంటలోనే కనబడతాయి. అది తప్పు కాదు, ఇల్లు మారిన గుర్తు.

ఇంకో సంగతి. మీ విండోస్ కంప్యూటర్లో బ్రౌజర్ బయట నడిచే జావాస్క్రిప్ట్ ఇప్పటికే ఒకటి కూర్చుని ఉంది. విండోస్ 98 కాలం నాటి విండోస్ స్క్రిప్ట్ హోస్ట్. డాట్ జెఎస్ అని ముగిసే ఫైలును డబుల్ క్లిక్ చేస్తే మామూలుగా లేచి వచ్చేది ఆ పెద్దాయనే. మీరు ఈనాటి పద్ధతిలో రాసిన కోడ్ ఆయనకు అర్థం కాదు, మొదటి లైన్లోనే తప్పు పట్టి పెట్టె ఒకటి చూపిస్తారు. కొత్తవాళ్లు అది చూసి తమ కోడే తప్పనుకుంటారు. కాబట్టి డబుల్ క్లిక్ వద్దు. కమాండ్ విండోలో రన్‌టైమ్ పేరు కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టి నడపండి.

ఇక ముగ్గురి సంగతి. నోడ్‌ను 2009లో రయన్ డాల్ అనే ప్రోగ్రామర్ తెచ్చారు. గూగుల్ క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వి8 ఇంజన్‌ను బ్రౌజర్ బయటికి తెచ్చి, దానికి ఫైళ్లూ నెట్‌వర్కూ అందించారు. తొమ్మిదేళ్లు తిరిగాక 2018లో, నోడ్‌ను మొదట లోకానికి చూపించిన బెర్లిన్ నగరంలోనే వేదికెక్కి, అందులో తాను చేసిన పొరపాట్లను తానే ఏకరువు పెట్టారు. స్క్రిప్టుకు అడ్డూ ఆపూ లేకుండా కంప్యూటర్ మొత్తం అప్పగించడం వాటిలో ఒకటి. లెక్కలేనన్ని ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలను, మింగి ఉబ్బిపోయే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఇంకొకటి. ఆ ఉపన్యాసం చివర్లోనే డీనోను పరిచయం చేశారు. పేరు కూడా నోడ్‌ను రెండుగా విరిచి తిరగేసిందే. తాను కట్టిన ఇంటి లోపాలను పదిమంది ముందు ఒప్పుకునే మేస్త్రి అరుదు. ఆయన మీద నా అభిమానం అక్కడే మొదలైంది, ఆ సంగతి దాచను.

డీనో 1.0 2020 మేలో వచ్చింది. మొదట్లో పట్టుదల ఎక్కువ. నోడ్ ప్యాకేజీలు వద్దు, ఆ ఫోల్డర్ వద్దు, అన్నీ వెబ్ చిరునామాల నుంచే తెచ్చుకోవాలి అన్నారు. జనం మెచ్చుకున్నారు, ఇల్లు మాత్రం మారలేదు. చివరికి నోడ్ ప్యాకేజీలనూ, ఏ ఫోల్డర్ మీద అలిగి వెళ్లారో ఆ ఫోల్డర్‌నూ మెల్లమెల్లగా లోపలికి రానిచ్చి, 2024 అక్టోబరులో వచ్చిన డీనో 2తో తలుపు పూర్తిగా తెరిచారు. నవ్వొచ్చే మలుపే గానీ మీబోటివాళ్లకు మేలు చేసింది. డీనోలో రాస్తే నోడ్‌కు దూరమవుతామన్న భయం దాదాపు పోయింది.

బన్ ఈ ముగ్గురిలో చిన్నది. జారెడ్ సమ్నర్ మొదలుపెట్టారు. 1.0 వచ్చింది 2023 సెప్టెంబరులో, విండోస్ మీద సరిగ్గా నడవడం 2024 ఏప్రిల్ నుంచి. వి8 బదులు యాపిల్ సఫారీలోని ఇంజన్‌ను వాడుకుంటుంది. లేవడంలో చురుకు, ప్యాకేజీలు దింపడంలో మరీ చురుకు. 2025 డిసెంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ దాన్ని కొనుక్కుంది. మీ తమ్ముడు చెప్పిన వేగం అబద్ధమేమీ కాదు. మీకు అది ఎందుకు అక్కరకు రాదో లెక్క వేసి చూపిస్తాను. ఒక్కో ఫైలు 100 కిలోబైట్లు అనుకున్నా 400 ఫైళ్లు కలిపి 40 మెగాబైట్లు. ఫోన్లో తీసిన ఒక చిన్న వీడియో అంత కూడా ఉండదు. మూడింటిలో ఏదైనా సెకన్లలో చదివి పడేస్తుంది. ఇప్పుడు మీకు పద్నాలుగు రోజులు పడుతున్న పని మూడు సెకన్లలో అయితే ఏమిటి, ఒక సెకనులో అయితే ఏమిటి? ఆ మిగిలిన రెండు సెకన్లతో ఏం చేసుకుంటారు, గుక్కెడు టీ కూడా మింగలేరు. క్షణానికి వేలమంది వచ్చే సర్వర్ నడిపేవాళ్లకు, రోజంతా ప్యాకేజీలు దింపుకునే వాళ్లకు బన్ వేగం అక్షరాలా డబ్బు. మీ పని అది కాదు. అదీకాక బన్ మామూలు కాపీ కాస్త కొత్త ప్రాసెసర్‌ను కోరుతుంది. పాత ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లో నడవకపోతే దానికోసం విడిగా ఇచ్చే వేరే కాపీ వెతుక్కోవాలి.

మరి ఏది చూసి ఎంచుకోవాలి? స్క్రిప్టు పొరపాటు పడితే ఏం పోతుంది, దాన్ని నడిపేది ఎవరు అనే రెండూ చూడండి. మొదటిది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం.

కొన్నేళ్ల కిందట నా దగ్గర 1,100 స్కాన్ ఫైళ్లు ఉండేవి. మీలాగే పేర్లు సరిచేయాలని ఒక చిన్న స్క్రిప్టు రాశాను, ఇరవై లైన్లు కూడా లేదు. పేరులోని ఖాళీలు, బ్రాకెట్లు, అడ్డగీతలు తీసేసి అదే ఫోల్డర్లో పేరు మార్చడం. అందులో 'మార్చి 87' అని ఒకటి, 'మార్చి-87' అని ఇంకొకటి ఉన్నాయి. ఒకే సంచికలో వేర్వేరు పేజీలు అవి. నా శుభ్రత తర్వాత రెండూ ఒకే పేరయ్యాయి. నోడ్‌లో పేరు మార్చే కమాండ్‌కు ఆ పేరుతో ఇంకో ఫైలు ముందే ఉంటే అడగడం, హెచ్చరించడం తెలియదు. పాతదాన్ని తుడిచేసి కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. స్క్రిప్టు చక్కగా 'పూర్తయింది' అంది. సాయంత్రం ఊరికే లెక్కపెడితే 1,063 ఉన్నాయి. 37 పేజీలు గాలిలో కలిసిపోయాయి. రీసైకిల్ బిన్‌లో వెతికాను, ఈ దారిలో పోయినవి అక్కడికి రావు.

తప్పు నాదే, రన్‌టైమ్‌ది కాదు. డీనోలో రాసినా పేరు మార్చే కమాండ్ గుణం అదే. తేడా ఎక్కడంటే, డీనో మొదట అన్ని తలుపులూ మూసి ఉంచుతుంది. ఫైలు చదవాలన్నా, రాయాలన్నా, నెట్‌లోకి వెళ్లాలన్నా మీరు అనుమతి ఇవ్వాలి, అదీ ఫలానా ఫోల్డర్ వరకు అని గిరి గీసి ఇవ్వవచ్చు. మీరు చేయాల్సింది ఇది. అసలు ఫైళ్లున్న ఫోల్డర్ ఒకటి, ఖాళీ ఫోల్డర్ ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. స్క్రిప్టుకు మొదటిదాని మీద చదివే హక్కు మాత్రమే, రెండోదాని మీద రాసే హక్కు మాత్రమే ఇవ్వండి. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి గానీ, చదవడానికి తెలుగులో రాస్తే కమాండ్ ఇలా ఉంటుంది:

డీనో రన్ --అలౌ-రీడ్=పాతవి --అలౌ-రైట్=కొత్తవి శుభ్రం.ఎంజెఎస్

ఈ ఒక్క లైను నా దగ్గర ఆ రోజు ఉండి ఉంటే 37 పేజీలూ ఉండేవి. పాత ఫోల్డర్లో పేరు మార్చబోగానే స్క్రిప్టు అక్కడే నిలబడి మిమ్మల్ని అడుగుతుంది. వై నొక్కితే సరే, ఎన్ నొక్కితే వద్దు, పెద్ద బడి ఏ నొక్కితే ఆ రకం అనుమతులన్నీ ఇచ్చేసినట్టు. విసుగుపుట్టి ఆ పెద్ద ఏ నొక్కడం మనుషుల బలహీనత. అంతకన్నా ఘోరం, మొదట్లోనే అన్నిటికీ కలిపి అనుమతి ఇచ్చే గుర్తు ఒకటుంది. అది వాడితే తాళం వేసి తాళంచెవిని దానికే వేలాడదీసినట్టే. అది వాడేట్టయితే నోడ్‌తోనే ఉండండి, కనీసం భద్రంగా ఉన్నామన్న భ్రమ ఉండదు. స్క్రిప్టు నుంచి వేరే ప్రోగ్రాంలు నడిపే అనుమతి కూడా ఇవ్వకండి. అలా లేచిన ప్రోగ్రాంకు డీనో గీసిన గిరి వర్తించదు.

నోడ్‌లోనూ ఇలాంటి ఏర్పాటు వచ్చింది కదా అని మీ స్నేహితురాలు అనవచ్చు. నిజమే, నోడ్ 20లో ప్రయోగంగా మొదలై ఇప్పుడు స్థిరపడింది. అయితే అది మనం గుర్తుపెట్టుకుని వేసుకోవాల్సిన గొళ్లెం. డీనో తలుపు తనంతట తానే మూసుకుంటుంది. మతిమరుపు మనిషిగా నేను రెండోదాని పక్షం.

హక్కులతో సగం రక్షణే. మిగతా సగం స్క్రిప్టులో ఉండాలి. కొత్త ఫోల్డర్లో కూడా రెండు ఫైళ్లకు ఒకే పేరు రావచ్చు కదా. ఫైలు రాసే కమాండ్‌కు డబ్ల్యూ, ఎక్స్ అనే రెండు అక్షరాల గుర్తు ఇస్తే, ఆ పేరుతో ఫైలు ముందే ఉన్నప్పుడు రాయకుండా తప్పు చూపించి ఆగుతుంది. అది తప్పకుండా పెట్టండి. మొదటిసారి ఏమీ రాయనివ్వకండి. 'ఇది అలా అవుతుంది' అని 400 లైన్లు తెర మీద చూపించి ఊరుకోమనండి. ఆ జాబితాను కాగితం మీద అచ్చు వేసుకుని పెన్సిల్‌తో చూడండి. ప్రెస్‌లో ఉన్నారు, ప్రూఫు దిద్దడం మీకు నేను నేర్పాలా!

ప్యాకేజీల సంగతి. మీ పనికి బయటి ప్యాకేజీ ఒక్కటి కూడా అక్కర్లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అంతర్జాలంలో ఏ పాఠం తెరిచినా మూడో లైనులో 'ఫలానా ప్యాకేజీ దింపుకోండి' అంటారు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకుంటే ప్రపంచమంతా ఎన్నో పెద్ద ప్రాజెక్టుల పని ఆగింది. అది నవ్వుకుని వదిలేసే కథ. 2025 సెప్టెంబరులో వచ్చిన షాయ్-హులుద్ అనే కంప్యూటర్ పురుగు కథ నవ్వుకునేది కాదు. ప్యాకేజీ దిగగానే తనంతట తాను నడిచే చిన్న స్క్రిప్టు అనే వెసులుబాటును వాడుకుని, ప్రోగ్రామర్ల రహస్య తాళంచెవులు (పాస్‌వర్డ్ల వంటివి) దొంగిలించి, వాటితో వాళ్ల ఇతర ప్యాకేజీల్లోకీ పాకింది. నోడ్‌తో వచ్చే, ప్యాకేజీలు దింపిపెట్టే ఎన్‌పీఎం అలాంటి స్క్రిప్టులను అడగకుండా నడిపే అలవాటుతో పెరిగింది. డీనో మీరు ఒప్పుకుంటే తప్ప నడపదు. బన్ కూడా ఈ విషయంలో జాగ్రత్తపరురాలే. రన్‌టైమ్‌ను రేపు మార్చుకోవచ్చు. నలభై ప్యాకేజీలు అల్లుకున్న స్క్రిప్టును మాత్రం ఎక్కడికీ కదపలేరు.

ఇప్పుడు రన్‌టైమ్ ఏదైనా మీరు తప్పక పడబోయే గుంట ఒకటి చూపిస్తాను. ఇంగ్లీషు ఉదాహరణలు చూసి నేర్చుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ కనబడదు, తెలుగు ఫైలు ముట్టుకున్నవాళ్లకే తగులుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన 'క'కు మూడు బైట్లు కావాలి, దానికి పెట్టే గుడికి ఇంకో మూడు. పెద్ద ఫైలును నోడ్ పద్ధతిలో ధారగా చదివితే ఒక్కో విడతకు 65,536 బైట్ల ముక్క అందుతుంది. 65,536ను మూడుతో భాగించి చూడండి. 21,845 వచ్చి ఒక బైటు మిగులుతుంది. అంటే విడత చివర ఒక అక్షరం మెడ దగ్గర తెగిపోయి, తల ఈ ముక్కలో, మొండెం తర్వాతి ముక్కలో పడ్డాయి. మధ్యలో ఖాళీలూ చుక్కలూ ఒక్కో బైటు కాబట్టి తెగే చోటు ఫైలును బట్టి మారుతుంది, కానీ మూడింట రెండు సార్లు తెగుతుందనే లెక్క. ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా అక్షరాలుగా మార్చి అతికిస్తే, ఆ చోట నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న గుర్తులు రెండో మూడో వచ్చి కూర్చుంటాయి. చిన్న ఫైళ్లలో రాదు. పరీక్షకు పెట్టుకున్న పది ఫైళ్లూ చిన్నవైతే అంతా బాగుందనుకుని 400 మీద వదులుతారు. దీపావళి ప్రత్యేక సంచిక లాంటి లావాటి ఫైలులో, నలభయ్యో పేజీ కథ మధ్యలో, ఒక మాట పాడవుతుంది. ప్రూఫు చూసినా దొరకనంత చిన్న గాయం.

మందు సులువు. మీ ఫైళ్లు చిన్నవే కాబట్టి ధారగా చదవకండి, ఫైలు మొత్తాన్ని ఒక్కసారిగా చదివి అప్పుడు అక్షరాలుగా మార్చండి. పని ముగిశాక ఆ వజ్రం గుర్తు కోసం కొత్త ఫోల్డర్ మొత్తం వెతకండి. ఒక్కటి దొరికినా ఆగి చూడాలి.

పాత నోట్‌ప్యాడ్‌తో దాచిన ఫైళ్లు ఉంటే ఇంకో చిక్కు. అందులో 'యూనికోడ్' అని ఎంచుకుని దాచినవి యూటీఎఫ్-16లో ఉంటాయి. వాటిని యూటీఎఫ్-8 అనుకుని చదివితే చెత్త వస్తుంది. యూటీఎఫ్-8 అని ఎంచుకుని దాచినవాటికి కూడా మొదట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి అంటుకుని ఉంటుంది. మొదటి లైను పత్రిక పేరే అయినా, మీ స్క్రిప్టు పోల్చి చూసి కాదంటే అనుమానించాల్సింది ఆ గుర్తునే. ఇక అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లయితే ఏ రన్‌టైమూ ఏమీ చేయలేదు, ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అది ఇంకో ఉత్తరానికి సరిపడా పని.

సూచికకు అకారాది క్రమం పెట్టేటప్పుడు మామూలు సార్ట్‌ను నమ్మకండి. అది యూనికోడ్ అంకెల వరుసలో పేరుస్తుంది. అక్కడ 'ళ' వచ్చి 'ల' పక్కనే, 'వ' కన్నా ముందు కూర్చుంటుంది. మన వర్ణమాలలో దాని చోటు 'హ' తర్వాత. సున్నా సంగతీ అంతే. భాషను బట్టి పేర్చే ఇంటల్ కొలేటర్ మూడు రన్‌టైమ్‌లలోనూ ఉంది, తెలుగు అని చెప్పి వాడి చూడండి. ఆ తర్వాత కూడా ఒక నిఘంటువు పక్కన పెట్టుకుని కంటితో సరిచూడండి.

మీ స్నేహితురాలు అన్న ఉద్యోగాల మాట తీసిపారేసేది కాదు. రేపు ఒక వెబ్‌సైటు వెనక సర్వర్ రాయాలన్నా, పదిమంది కలిసి చేసే ప్రాజెక్టులో చేరాలన్నా, మీరు వెళ్లిపోయాక ఇంకొకరు చూసుకోవాల్సిన పని అయినా నేను నోడ్ అనే అంటాను. ఏ తప్పు వచ్చినా దాన్ని అంతకుముందే ఎవరో ఎదుర్కొని జవాబు రాసి పెట్టి ఉంటారు, ఆ సౌఖ్యం మిగతా రెండింటికి ఇంకా రాలేదు. తీసుకుంటే దీర్ఘకాలం మద్దతు ఉండే సరిసంఖ్య విడుదలే తీసుకోండి. 24కు 2028 ఏప్రిల్ వరకు మద్దతు ఉంది. పాత పాఠాల్లో కనబడే 18కి 2025 ఏప్రిల్‌లోనే కాలం చెల్లింది. 'డీనో అయితే టైప్‌స్క్రిప్ట్ (టైపుల గుర్తులు చేర్చి రాసే జావాస్క్రిప్ట్) నేరుగా నడుస్తుంది' అనే ఊరింపు కూడా పాతబడింది. నోడ్ ఇప్పుడు టైపుల గుర్తులు తీసేసి తానూ నడుపుతుంది. నడిపేటప్పుడు టైపులు సరిచూసే పని మాత్రం మూడింటిలో ఒక్కటీ చేయదు.

అందుకే మొదట్లో రెండు ఇళ్లకూ పనికొచ్చేలా రాయమన్నాను. ఫైలు పేరు చివర ఎంజెఎస్ పెట్టండి. డీనోకే సొంతమైన కమాండ్లు వాడకండి. ఫైళ్ల పనికి నోడ్ వాళ్ల ఎఫ్ఎస్ మాడ్యూల్‌నే తెచ్చుకోండి, తెచ్చుకునేటప్పుడు దాని పేరు ముందు నోడ్ అని రాసి కోలన్ పెట్టండి. ఆ ఇంటిపేరు ఉంటే మూడు రన్‌టైమ్‌లూ గుర్తుపడతాయి. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే అందులో నోడ్ వేసుకుని అదే స్క్రిప్టును కాపీ ఫైళ్ల మీద నడిపి చూడండి. ఇంటర్వ్యూలో నోడ్ వచ్చా అంటే వచ్చు అని మనస్ఫూర్తిగా చెప్పవచ్చు. విండోస్‌లో ఎన్‌పీఎం మొదటిసారి కొట్టగానే, ఈ కంప్యూటర్లో స్క్రిప్టులు నడపడాన్ని నిలిపివేశారు అనే ఎర్ర సందేశం వస్తే నోడ్ పాడైందనుకుని తీసేయకండి. అది పవర్‌షెల్ అనే కమాండ్ విండో పెట్టే ఆంక్ష. మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అందులో కొట్టండి.

విండోస్ 7 జోలికి మాత్రం పోవద్దు. నోడ్ 14 నుంచే దాన్ని వదిలేశారు, మిగతావి చెప్పనే అక్కర్లేదు. ఎవరో పాత కాపీలు అంటగడతారు, తీసుకోకండి. దాన్ని పేజ్‌మేకర్‌కు వదిలేసి, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో విండోస్ 10 దగ్గరికి తెచ్చుకోండి. తెచ్చినప్పుడే ఇంకో కాపీ తీసి ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టండి. ఈ మొత్తం ఉత్తరంలో ఒక్క వాక్యమే పాటిస్తానంటే ఈ బీరువా వాక్యం పాటించండి.

ఇక మీ యజమాని. ఆయన భయం నాకు అర్థమవుతుంది, 37 పేజీలు పోగొట్టుకున్నవాణ్ణి. డీనో ఒకే ఒక్క ఎగ్జి ఫైలు. జిప్ దింపి, విప్పి, ఒక ఫోల్డర్లో పెట్టుకుంటే చాలు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. రేపు మీరు సెలవులో ఉన్నప్పుడు ఆయనే నడపాల్సి వస్తే, డీనో కంపైల్ అనే కమాండ్‌తో మీ స్క్రిప్టునే ఒక ఎగ్జి ఫైలుగా కట్టి ఇవ్వవచ్చు. సైజు కాస్త లావే, పదుల మెగాబైట్లు ఉంటుంది. కట్టేటప్పుడు ఇచ్చిన అనుమతులు దానిలోనే ఉండిపోతాయి కాబట్టి ఆయన డబుల్ క్లిక్ చేసినా, అడిగినప్పుడు ఒప్పుకుంటే తప్ప పాత ఫోల్డర్‌కు ఏమీ కాదు.

ఈ మాటలు ఆయనకు చెప్పకండి, చేసి చూపించండి. అసలు ఫైళ్లు కాకుండా పనికిరాని నాలుగు ఫైళ్లతో 'పాతవి' అని ఒక ఫోల్డర్ పెట్టండి. అందులో ఒకదాన్ని చెరిపేయమని రెండు లైన్ల స్క్రిప్టు రాయండి. ఆయనను పక్కన కూర్చోబెట్టి, పైన రాసిన కమాండ్‌తోనే దాన్ని నడపండి. డీనో ఆగి, ఈ ఫోల్డర్లో రాయడానికి అనుమతి ఇస్తారా అని అడుగుతుంది. కీబోర్డు ఆయన ముందుకు జరిపి ఎన్ నొక్కమనండి. ఎర్ర అక్షరాలు వచ్చాక ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టమనండి. నాలుగూ ఉంటాయి.